పెనాంగ్ కంటే ముందు పెనం

ప్రశ్న: మేడమ్, మాది తిరుపతి. బస్టాండ్ దగ్గర సందులో నాన్నకు చిన్న టిఫిన్ హోటల్ ఉంది. నాకు 24 ఏళ్లు. డిగ్రీ అయ్యాక గల్లా దగ్గర నేనే కూర్చుంటున్నాను. అక్కావాళ్లు మలేషియాలోని పెనాంగ్‌లో ఉంటారు, బావ అక్కడ చిప్పుల కంపెనీలో ఇంజనీరు. వచ్చే నెల ఇరవై రోజులు వాళ్ల దగ్గరికి వెళ్తున్నా. అక్కడి తిండి మీద అరగంట డాక్యుమెంటరీ తీసి యూట్యూబ్‌లో పెట్టాలని నా కోరిక. లక్షన్నర అప్పు చేసి కెమెరా కొననా, ఫోన్ చాలా? ఇంకో చిక్కు, మేం మాంసం తినం. అక్కడేమో ఎక్కడ చూసినా చికెన్, చేపలే. తినకుండా తిండి వీడియో ఎలా తీసేది? ముక్కూమొహం తెలియనివాళ్లను కెమెరా ముందు మాట్లాడించాలన్నా టెన్షన్‌గా ఉంది. నాన్నను అడిగితే, ‘పరాయి దేశంలో ఎవడి పొయ్యో తీయడానికి పోతున్నావు, మన పొయ్యి దగ్గర ఒక్కరోజన్నా సరిగా నిలబడ్డావా’ అంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం: తల్లీ, ముందు అప్పు సంగతి తేల్చేద్దాం. చేయొద్దు. చేతికొచ్చి నెల తిరగని కెమెరాతో విదేశం వెళ్తే నువ్వు ఎదుటి మనిషిని చూడవు, కెమెరా మెనూని చూస్తుంటావు. ఏ బటన్ ఎక్కడుందో వెతుక్కునేలోపు రొట్టె కాలి ప్లేట్లోకి వెళ్లిపోతుంది. ఈ మూడు నాలుగేళ్లలో కొన్న ఓ మాదిరి ఫోన్ ఉంటే బొమ్మకు అది చాలు.

డబ్బు పెట్టాల్సింది శబ్దం మీద. కాలరుకు తగిలించే వైర్‌లెస్ మైకు ఒకటి, గాలి రొద పడకుండా దానికి తొడిగే బొచ్చు తొడుగు, చిన్న ట్రైపాడ్. నేను దెబ్బ తిన్నాను గనుక చెబుతున్నా. పన్నెండేళ్ల కిందట శ్రీలంకలో ఒక ఆప్పాల దుకాణంలో మూడు ఉదయాలు తీశాను. ఆప్పాలు పోసే పెద్దావిడ చివరిరోజు తనంతట తానే మొదలుపెట్టి, వాళ్లమ్మ దగ్గర ఎలా నేర్చుకుందో, ఇంట్లో మొదటి ఆప్పం ఎవరికి పెట్టేవాళ్లో చెప్పుకొచ్చింది. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. చిత్తూరు వచ్చి హెడ్‌ఫోన్ పెట్టుకుని వింటే ఆమె గొంతు లేదు, గోడకున్న ఎగ్జాస్ట్ ఫ్యాను ఉంది. మూడు రోజులూ ఆ ఫ్యాను ఆమె తల వెనకే తిరిగింది. నా చెవులకు అలవాటైపోయింది. మైకుకు అలవాటుండదు కదా. ఆ ముక్క మొత్తం పోయింది. అందుకే రికార్డు నొక్కే ముందు నువ్వు హెడ్‌ఫోన్‌లో విను. రెండు నిమిషాలు ఫ్యాను ఆపమని అడగడానికి మొహమాటపడకు. కుదరదంటే మనిషిని బయట బల్ల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించు. అక్కణ్ణుంచి లేచొచ్చే ముందు ఎవరూ మాట్లాడకుండా ఒక నిమిషం ఆ చోటు శబ్దాన్ని ఊరికే రికార్డు చేసుకో. ఎడిటింగ్‌లో కోతల కింద అది పరిస్తే అతుకులు తెలియవు.

ఇక మీ నాన్నగారి మాట. ఆయన విసుగులో అన్నారు గానీ, నిన్ను కూర్చోబెట్టి పాఠం చెప్పమంటే నేనూ అదే చెబుతాను. విమానం ఎక్కే ముందు మీ పొయ్యి దగ్గరే ఒక అయిదు నిమిషాల సినిమా తియ్యి. శని, ఆదివారాలు కొండకు వచ్చేవాళ్ల రద్దీ ఉంటుంది, వద్దు. మంగళవారమో బుధవారమో తెల్లవారుజామున గల్లా మీ అమ్మకో ఎవరికో అప్పజెప్పి లోపలికి వెళ్లు.

మీ మాస్టర్ పొద్దున ఎన్ని దోసెలు వేస్తాడు? ఎన్నయినా చెయ్యి ఒకే దారిలో తిరుగుతుంది. అదే నీకు వరం. ఒక దోసెకు ఫోన్ పై నుంచి పెట్టు. ఇంకోదానికి పెనం అంచు ఎత్తులో పెట్టు. మరోదానికి గరిటె పట్టిన చెయ్యి మాత్రమే. తర్వాత మాస్టర్ మొహం, ఆ తర్వాత ప్లేటు కోసం మెడ సాచి చూస్తున్న కస్టమర్. అన్నీ కలిపితే అయిదు కెమెరాలతో ఒకే దోసెను తీసినట్టుంటుంది. ప్రతి షాటుకూ మనసులో పది లెక్కపెట్టు, అప్పటిదాకా ఫోన్ కదపొద్దు. కొత్తవాళ్లు మూడుకే కదిపేస్తారు. ఎడిటింగ్‌కు కూర్చున్నాక ఒక్క షాటూ వాడుకోవడానికి రాదు.

దోసెకూ దోసెకూ మధ్య పెనం మీద నీళ్లు చిలకరించి చీపురుకట్టతో ఊడుస్తారు కదా. చుయ్‌మని ఆవిరి లేస్తుంది, చీపురు ఒక్క ఊపులో అటు నుంచి ఇటు వస్తుంది. పుట్టినప్పటి నుంచీ చూస్తున్నావు గనుక నీకది కనబడటం మానేసి ఉంటుంది. పెనాంగ్ నుంచి ఎవరైనా మీ హోటల్‌కు వస్తే ముందు ఫోన్ తీసేది ఆ చీపురు కోసమే. పెనాంగ్‌లో నువ్వు వెతకాల్సింది అక్కడి చీపురుని. దుకాణంవాళ్లు రోజూ చేస్తూ తాము చూడటం మానేసిన పని ఏదో ఒకటి ఉంటుంది. దాని కోసం ఒకే చోట గంటలకొద్దీ నిలబడాలి.

కాబట్టి ఇరవై రోజులున్నాయి కదా అని ఇరవై దుకాణాలు తిరగొద్దు. ‘పెనాంగ్‌లో తప్పక తినాల్సిన పది వంటలు’ అనే వీడియోలు ఇప్పటికే కొల్లలు. వాటిలో అందరూ నోట్లో ముద్ద పెట్టుకుని కళ్లు మూసుకుని ‘ఉమ్మ్’ అంటారు. వాళ్లెవరికీ లేనిది నీకొకటి ఉంది, గల్లా పెట్టె. ఒక టిఫిన్ హోటల్ ఎలా నడుస్తుందో నీకు లోపల్నుంచి తెలుసు. అందుకే నీ సబ్జెక్టు పొద్దుటి టిఫిన్. ఒక్క దుకాణం, ఒక్క పూట.

ఇది ఏదో తోచి అంటున్నది కాదు. మలేషియాలో పొద్దున్నే బయట కూర్చుని టిఫిన్ చేయడం ఎంత పెద్ద వ్యవహారమంటే, 2024లో యునెస్కో ఆ ఉదయపు ఫలహార సంస్కృతిని మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. మలయ్, చైనీస్, భారతీయ మూలాలవాళ్లు ఒకే చోట కూర్చుని తినే అలవాటుకు దక్కిన గుర్తింపు అది. పెనాంగ్‌లోని జార్జ్‌టౌన్ ఊరు 2008 నుంచే ప్రపంచ వారసత్వ స్థలం. నీకు పనికొచ్చే దుకాణం ఆ పాత వీధుల్లోనే దొరుకుతుంది.

రోటీ చనాయ్ నుంచి మొదలుపెట్టు. మైదా ముద్దలకు నూనె పట్టించి నానబెడతారు. చేత్తో చరిచి, గాల్లో విసిరి, కాగితమంత పల్చగా సాగదీసి, మడిచి పెనం మీద వేస్తారు. మన పరోటాకు దగ్గరి చుట్టం. పక్కన పప్పు కూర పోస్తారు. దీన్నే సింగపూర్‌లో రోటీ ప్రాటా అంటారు. తాగడానికి తెహ్ తారిక్. తారిక్ అంటే లాగడం. మన టీ కొట్టువాడు తిరగబోసినట్టే ఎత్తు నుంచి పోసి నురగ తెప్పిస్తాడు, కాకపోతే అందులో కండెన్స్‌డ్ మిల్క్ పడుతుంది. ఈ రెండింటికీ మాంసంతో పని లేదు. అయినా అడక్కుండా తినకు. పిండిలో గుడ్డు కలిపేవాళ్లున్నారు. పప్పులోకి చేపల పులుసు గరిటె వచ్చిందో లేదో అక్కడే కనుక్కోవాలి. సంబల్ అని ఎర్రటి కారం వేస్తారు, అందులో సాధారణంగా బెలచాన్ ఉంటుంది. అది రొయ్యలను పులియబెట్టి చేసే ముద్ద. ‘అడా బెలచాన్?’ అంటే బెలచాన్ ఉందా అని. ఈ రెండు ముక్కలూ బట్టీ పట్టెయ్.

మాంసం తినకపోవడం నీకు అడ్డు అనుకుంటున్నావు. నేననుకోను. నువ్వు తినకపోతే నీ మొహం ఫ్రేములోంచి తప్పుకుంటుంది, వండేవాళ్లూ తినేవాళ్లూ ముందుకొస్తారు. దాచిపెట్టి, తిన్నట్టు నటించడం మాత్రం వద్దు. ‘మా ఇంట్లో ఇది తినం, అందుకని దీని రుచి ఈయన్నే అడుగుతున్నా’ అని నీ గొంతుతో చెప్పు. పాతికేళ్లుగా అదే బల్ల దగ్గర తింటున్న ముసలాయన ఒకడు ప్రతి దుకాణంలోనూ ఉంటాడు. పులుసు నిన్నటికీ ఇవాళ్టికీ ఎక్కడ తేడా కొట్టిందో ఆయన చెబుతాడు. అది నువ్వు తిన్నా చెప్పలేవు.

అలా తినకుండానే తీయగలిగినవాటిలో నాసి కందర్ అన్నిటికంటే మంచిది. నాసి అంటే అన్నం. కందర్ అంటే భుజాన బద్ద వేసి మోయడం, అంటే అచ్చంగా మన కావడి. పెనాంగ్ రేవులో పనిచేసే కూలీల కోసం తమిళ ముస్లింలు ఒక పక్క అన్నం, ఇంకో పక్క పులుసులు పెట్టుకుని కావడి మీద మోసుకొచ్చి అమ్మేవాళ్లు. కావళ్లు పోయాయి, పేరు మిగిలింది. ఇప్పుడు దుకాణంలో అన్నం మీద నాలుగైదు రకాల పులుసులు కలిపి పోస్తారు. బాగా ముంచెత్తి పోయమనాలంటే ‘బంజిర్’ అంటారు, ఆ మాటకు అర్థం వరద. ఆడికృత్తికకు తిరుత్తణి దారిలో కావళ్లు చూస్తూ పెరిగిన మన వైపువాళ్లకు ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. ఆ కావడిని చూపించి ఈ కావడి దగ్గరికి తీసుకెళ్లడం నువ్వయితేనే చేయగలవు. తిరుత్తణి షాటు ఒకటి ముందే తీసి పెట్టుకో, బస్సులో రెండు గంటల పని. కావళ్లు కనిపించకపోయినా కొండ మెట్లు చాలు.

(పెనాంగ్ అన్న పేరే పినాంగ్ నుంచి వచ్చింది. మలయ్ భాషలో పినాంగ్ అంటే వక్క. వక్కల దీవి అన్నమాట. ఇది సినిమాలో పెట్టమని కాదు, మీ అవ్వకు చెబితే సంతోషిస్తుంది.)

మనుషుల్ని మాట్లాడించడం గురించి ఎక్కువ భయపడ్డావు. కానీ నీకు తమిళం వచ్చు కదా? తిరుపతిలో బస్టాండ్ దగ్గర హోటల్ నడిపేవాళ్లకు తమిళం రాకపోతే పొద్దు గడవదు. పెనాంగ్‌లో రోటీ, నాసి కందర్ దుకాణాల్లో చాలాచోట్ల తమిళమే ఇంటి భాష. ఇంగ్లీషులో ‘ఎక్స్‌క్యూజ్ మీ’ అని మొదలుపెడితే నువ్వొక టూరిస్టువి. ‘అణ్ణే, మాదీ టిఫిన్ కడయే, తిరుపతి’ అన్నావంటే సగం పని అయిపోయినట్టే. ఆ దుకాణాల్ని మామక్ అంటారు, తమిళంలోని మామ అన్న మాట నుంచి వచ్చింది. దుకాణాన్ని ఆ పేరుతో అనొచ్చు గానీ మనిషిని పిలవకు, కొందరికి నచ్చదు.

మొదటి రోజు ఫోన్ బయటకు తీయొద్దు. వెళ్లి తిను, డబ్బులిచ్చి వచ్చెయ్. రెండోరోజూ అంతే. మూడోరోజు మీ హోటల్‌లో తీసిన అయిదు నిమిషాల వీడియో యజమానికి చూపించు. చీపురు షాటు దగ్గర ఆయన నవ్వుతాడు, మాస్టర్‌ని కూడా పిలిచి చూపిస్తాడు. అప్పుడు అడుగు. మలయ్‌లో అడగాల్సొస్తే ‘బొలే అంబిల్ గంబర్?’ అను, ఫొటో తీసుకోవచ్చా అని అర్థం. ఒప్పుకున్నాక, నేను ఫలానా, ఈ వీడియో యూట్యూబ్‌లో పెడతాను అన్న ముక్క నువ్వు చెప్పి, ఆయన సరేనన్న మాట కూడా రికార్డు చేసుకో. కాగితం మీద సంతకం అంటే చిన్న దుకాణంవాళ్లు బెదురుతారు.

వంటగదిలో గిన్నెలు కడిగేవాళ్లు, పిండి పిసికేవాళ్లు వేరే దేశాల నుంచి పనికి వచ్చినవాళ్లయి ఉండొచ్చు. యజమాని సరేనన్నంత మాత్రాన వాళ్లు సరేనన్నట్టు కాదు. వాళ్ల కాగితాల భయాలు వాళ్లకుంటాయి. విడిగా అడుగు. ముఖం పక్కకు తిప్పుకుంటే అదే జవాబు, చేతులతో సరిపెట్టుకో.

అడగాల్సిన ప్రశ్నలు నీకు నేను రాసివ్వక్కర్లేదు, గల్లా దగ్గర కూర్చుని నీకు నువ్వే వేసుకునేవి వేస్తే చాలు. పిండి రాత్రి ఎన్నింటికి కలుపుతారు? వాన పడేలా ఉంటే ఎన్ని ముద్దలు తగ్గిస్తారు? మిగిలిన పప్పు ఏమవుతుంది? మాస్టర్ చెప్పకుండా మానేసిన రోజు పెనం దగ్గర ఎవరు నిలబడతారు? బోణీ ఎవరిది? ‘మీ వంటకం ప్రత్యేకత ఏమిటి’ అని మాత్రం అడగొద్దు, ఎవరైనా ‘మా తాతల నాటి రుచి’ అనే చెబుతారు. అడిగాక నువ్వు నోరు మూసుకోవాలి. ఆయన ఆగితే, ఆ ఖాళీని నువ్వు నింపకు. రెండు క్షణాలు ఓపిక పడితే అసలు మాట అప్పుడొస్తుంది.

కొన్ని పని విషయాలు, గబగబా. అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందుంటుంది, తెల్లారేది ఏడు దాటాక. దుకాణం ఆరింటికే తెరిస్తే మొదటి గంటంతా ట్యూబ్‌లైట్ వెలుగే. కరెంటు మనలాగే 50 హెర్ట్జ్, అందుకని ఫోన్‌లో సెకనుకు 25 ఫ్రేములు, షటర్ 1/50 సెకను పెట్టుకునే వీలుంటే వీడియోలో లైట్లు అదరవు. మీ హోటల్‌లో అదరకపోతే అక్కడా అదరదు. ఆవిరి కనబడాలంటే వెలుతురు ఆవిరి వెనక నుంచి రావాలి, దాని వెనక చీకటి ఉండాలి. తెల్లగోడ ముందు ఎంత పొగలు కక్కే పప్పయినా చల్లారిపోయినట్టే కనబడుతుంది. అక్క ఇంట్లో ఏసీ గదిలోంచి నేరుగా వీధిలోకి వచ్చి ఫోన్ తీశావంటే లెన్సు మీద ఆవిరి పట్టేస్తుంది, అక్కడి ఉక్క అలాంటిది. జిప్ కవర్లో పెట్టి అరగంట ముందే బయట వరండాలో ఉంచు. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది.

4కేలో తీస్తే ఫోన్‌ను బట్టి గంటకు 10 జీబీ, అంతకు పైనే అవుతుంది. రోజుకు రెండు గంటల చొప్పున పది రోజులు తీస్తే 200 జీబీ దాటుతుంది. ఒక టీబీ ఎస్‌ఎస్‌డీ (వీడియోలు దాచుకునే చిన్న డ్రైవు) కొను. రోజూ రాత్రి పడుకునే ముందు అందులోకి ఒక కాపీ, బావ ల్యాప్‌టాప్‌లోకి ఇంకో కాపీ. రెండూ పడ్డాయని తెరిచి చూశాకే ఫోన్‌లోది తీసెయ్. పవర్ బ్యాంకు చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు. ఎవరిదైనా ఖరీదైన కెమెరా అడిగి తీసుకెళ్తే చెన్నై విమానాశ్రయంలో వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర సీరియల్ నంబరుతో ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకో. లేకపోతే తిరిగొచ్చేటప్పుడు అక్కడ కొన్నావేమోనని సుంకం అడగొచ్చు.

డ్రోను ఇంట్లో పెట్టెయ్. మలేషియాలో దానికి వాళ్ల విమానయాన సంస్థ అనుమతి కావాలి, టిఫిన్ సినిమాకు ఆకాశం ఎందుకు? బయటి దేశం నుంచి వచ్చే షూటింగ్ బృందాలు పుస్పాల్ అనే కమిటీ అనుమతి తీసుకోవాలి. ఫోన్‌తో తిరిగే టూరిస్టుకు అంత ఆర్భాటం లేకపోయినా, నువ్వు వెళ్లేది చుట్టపుచూపు పర్మిట్ మీద. అక్కడి దుకాణాల నుంచి ప్రమోషన్ డబ్బులు తీసుకోవడం లాంటివి పెట్టుకోకు. టీవీకో ఓటీటీకో అమ్మే ఆలోచన ఉంటే వెళ్లకముందే పుస్పాల్‌వాళ్లకు రాసి కనుక్కో. రంజాన్ నెల అయితే ముస్లిం దుకాణాలు చాలావరకు పగలు మూసి ఉంటాయి, క్యాలెండర్ చూసుకునే టికెట్ కొను.

పాటల సంగతి చాలామంది మర్చిపోతారు. ఆ దుకాణాల్లో తమిళ సినిమా పాటలు మోగుతుంటాయి. యజమాని మాట్లాడుతుండగా వెనక పాట ఉంటే రెండు నష్టాలు: మాట కోసినచోటల్లా పాట ఎగురుతుంది, పైగా యూట్యూబ్‌లో కాపీరైట్ క్లెయిము పడుతుంది. మాట్లాడేటప్పుడు ఆపించు.

వ్యాఖ్యానం నువ్వే చెప్పు, నువ్వు నాకు రాసిన ఉత్తరంలోని తెలుగులోనే. న్యూస్ రీడర్‌లా గొంతు మార్చొద్దు. చెప్పే ప్రతి విషయాన్నీ రెండుచోట్ల సరిచూసుకో. ఉదాహరణకు చెన్నై నుంచి వెళ్లింది గనుక చనాయ్ అయిందని అక్కడ నీకు పదిమంది చెబుతారు. వినడానికి బాగుంటుంది. కానీ మలయ్‌లో ‘చనాయ్’ అంటే పిండిని పల్చగా ఒత్తడం అనే అర్థం ఉంది, పేరు దాన్నుంచే వచ్చిందనేవాళ్లూ ఉన్నారు. అలాంటప్పుడు రెండు మాటలూ చెప్పి, మాస్టర్‌ని అడిగి, ఆయన జవాబు అలాగే ఉంచెయ్.

అరగంట అన్నావు. తిరిగొచ్చాక పదిహేను నిమిషాలకు మించి నిలబడే సరుకు లేదనిపిస్తే పదిహేనుకే ఆపు. మొదటి కూర్పు అయ్యాక యూట్యూబ్‌లో పెట్టకముందు, హోటల్ మూసిన మధ్యాహ్నం వేళ శబ్దం ఆపేసి మీ నాన్నగారికి చూపించు. నువ్వేం మాట్లాడకు. పెనాంగ్ మాస్టర్ రొట్టె విసిరే చోట ఆయన కొంచెం ముందుకు వంగితే ఆ షాటు ఇంకో నాలుగు సెకన్లు పెంచు. ‘పెనం కాలకముందే వేసేశాడు చూడు’ అని ఆయన అన్న చోట ఏం జరిగిందో పెనాంగ్‌కు ఫోన్ చేసి కనుక్కో.